ప్రమాదం అనే మాటకు అసలు అర్థం



సంస్కృతం నుండి తెలుగులోకి వచ్చిన పదాలలో కొన్ని దారిలో అర్థాన్ని మార్చుకున్నాయి. వాటిలో ‘ప్రమాదం’ ఒకటి. రోడ్డు ప్రమాదం, అగ్ని ప్రమాదం, ప్రమాదవశాత్తు అని మనం నిత్యం వింటున్నాం. బయటి నుండి ఎక్కడి నుండో వచ్చి మీద పడిన ఆపద అనే భావం ఈ వాడుకలో ఉంది. సంస్కృతంలో ఈ శబ్దానికి ముఖ్యార్థం ఏమరుపాటు. చేయవలసినది తెలిసి ఉండి కూడా, చేసే క్షణంలో మనస్సు దానిపై లేకపోవడమే ప్రమాదం. మత్తు, మదం, ఉన్మాదం అనే మాటలు పుట్టిన ధాతువే దీనికీ మూలం. కారణాన్ని తెలిపే పదం మన భాషలో ఫలితానికి పేరైంది. అందువల్ల ఫలితాన్ని చూసి భయపడడం మిగిలింది, కారణాన్ని విచారించడం తగ్గింది.

మన ఋషులు ఈ కారణాన్ని చిన్నదిగా ఎంచలేదు. మహాభారతం ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు ధృతరాష్ట్రునకు మృత్యువును గూర్చి చెబుతూ, ప్రమాదాన్నే మృత్యువుగా తాను భావిస్తానని బోధించాడు. పతంజలి యోగాంతరాయాలను తొమ్మిదిగా లెక్కించి, వ్యాధి, స్త్యానం, సంశయం తరువాత నాల్గవ స్థానంలో ప్రమాదాన్ని నిలిపాడు. గీతలో గుణత్రయాన్ని విభజించిన అధ్యాయంలో, తమోగుణం జీవుణ్ణి బంధించే త్రాళ్ళలో ఆలస్యం, నిద్రల కంటె ముందుగా పేర్కొనబడినది ఇదే. తైత్తిరీయ శిక్షావల్లిలో చదువు ముగించుకొని ఇంటికి వెళ్ళే శిష్యునకు ఆచార్యుడు ఇచ్చే ఉపదేశంలో మరల మరల వినవచ్చే హెచ్చరిక కూడా ఏమరకుండుమనే. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించగలరు. ఆ హెచ్చరికను ఆచార్యుడు చదువు రానివానికి చేయలేదు. చదువు పూర్తి అయినవానికి చేశాడు.

ఈ సూక్ష్మాన్ని గూర్చి వ్రాయడానికి నన్ను పురికొల్పినది ఒక ఆయుధపూజ.

మా ఆస్పరి మెట్టనేల. పత్తి, వేరుశనగ, టమాట పండించే ఊళ్ళు మావి. మహర్నవమి నాడు గొర్రు, నాగలి మొదలుకొని ట్రాక్టరు, ఆటో, కుట్టుమిషను వరకు అన్నింటికీ పసుపు, కుంకుమ, నిమ్మకాయలతో పూజ జరుగుతుంది. వీరోత్సవాలు కూడా మా ప్రాంతానికి కొత్త కావు. మా మండలంలోని కైరుప్పలలో ఉగాది మరునాడు వీరభద్రస్వామి సన్నిధిలో పిడకల సమరం జరుగుతుంది. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవంలో దివిటీల వెలుగులో వేలాది మంది కర్రలు పట్టి నిలుస్తారు. మందుగుండు మాటకు వస్తే, మా పక్కనున్న ఆదోని కోట 1786లో టిప్పు సుల్తాను ముట్టడిని చవిచూసినది. కాబట్టి ఆయుధమన్నా, అగ్ని అన్నా మా వారికి జంకు తక్కువ. ధైర్యం మంచిదే. అయితే ధైర్యం ఉన్నచోట ఏమరుపాటు కూడా తన ముఖం దాచుకొని కూర్చుంటుంది.

ఆ నవమి నాడు ఒక తల్లి తన కుమారునితో దేవాలయానికి వచ్చింది. ఆమె నా ఈడుది. కుమారుడు అమెరికాలోని టెక్సాస్‌లో ఉద్యోగి, సెలవుపై వచ్చాడు. పూజ ముగిసిన పిమ్మట ఆమె నాతో తన బాధ చెప్పుకుంది. కుమారునికి అక్కడ గురిచూసి కాల్చే క్రీడయందు ఆసక్తి. ఆసక్తి అంతటితో ఆగలేదు. కాల్చిన తూటాల ఇత్తడి గుల్లలను ఏరుకొని వచ్చి, వాటిలో మరల మందు కూరి కొత్త తూటాలుగా తానే ఇంటిలో చేసుకుంటున్నాడు. సొంత వాడుకకు అలా చేసుకొనుట ఆ దేశపు చట్టానికి సమ్మతమే. తల్లి భయం చట్టాన్ని గూర్చి కాదు.

ఆమె తండ్రిని నేనెరుగుదును. ఈ చుట్టుపక్కల రథోత్సవాలకు ఔట్లు, చిచ్చుబుడ్లు కూర్చి ఇచ్చేవాడు. సూరేకారం, గంధకం, బొగ్గు ఆయనకు చేతివాటం. ఇంటికి దూరంగా వేపచెట్టు నీడన కూర్చొనేవాడు. పక్కన నీళ్ళ కడవ ఉండేది. బీడీ కాల్చేవానిని ఆ ఛాయలకు రానిచ్చేవాడు కాదు. ఇనుము ఇనుముకో రాతికో తగిలితే నిప్పురవ్వ పుడుతుంది గనుక మందు దట్టించడానికి చెక్క కడ్డీ తప్ప ఇనుము ముట్టేవాడు కాదు. ముప్పై ఏళ్ళు ఏ హానీ జరగలేదు. నేను వేదపాఠశాల నుండి సెలవులకు వచ్చిన ఒక ఏడు, ఉత్సవానికి రెండు రోజుల ముందు, ఎవరో వచ్చి నిలబడి లెక్క అడిగారు. సమాధానం చెబుతూనే ఆయన చేయి చాచాడు. చెక్క కడ్డీ అందుబాటులో లేదు. అందిన దానిని తీసుకున్నాడు. అది ఇనుపది. కుడిచేతి మూడు వ్రేళ్ళు, ఒక కన్ను పోయినవి. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు జీవించాడు. అడిగినవారికి ఆయన చెప్పే మాట ఒక్కటే: “నాకు తెలియక గాదు.”

ఆ మాటలో ప్రమాద శబ్దానికి పూర్తి నిఘంటువు ఉంది. తెలియనివాని తప్పు అజ్ఞానం. దానికి ఔషధం బోధ. తెలిసినవాని తప్పు ప్రమాదం. దానికి బోధ పనిచేయదు, ఎందుకంటే బోధించవలసినదంతా వానికి ముందే తెలుసు.

“ఈ పని మానమని మీరైనా చెప్పండి స్వామీ” అని తల్లి అడిగింది. నేను వెంటనే తీర్పు చెప్పలేదు. ముందు ఆ పని ఎలా జరుగుతుందో చెప్పమని కుమారుణ్ణి అడిగాను. అతడు శ్రద్ధగా వివరించాడు.

తూటాకు నాలుగు అంగాలు. ఇత్తడి గుల్ల, దాని అడుగున చిన్న ప్రైమరు, లోపల మందు, మూతి వద్ద గుండు. ప్రైమరు అంటే పూర్వపు తుపాకులలో రంజకం చేసిన పనిని చేసేది. సూది దెబ్బకు అగ్గి పుట్టించి మందుకు అంటిస్తుంది. కాల్చిన తరువాత గుల్ల మిగులుతుంది. దానిని శుభ్రం చేసి, పగుళ్ళున్నవేమో చూసి, సాగిన కొలతను సరిచేసి, పాత ప్రైమరు తీసి కొత్తది పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగించాలి. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు, అనగా మన కంసాలులు తూకానికి వాడిన గురిగింజలో ఇంచుమించు సగం. చిన్న పిస్తోలు తూటాకు పట్టే మందు తరచు నాలుగైదు గ్రెయిన్లే.

ఇక ఆ పనిలోని అపాయాలు. గుల్లలో చోటు ఎక్కువ, మందు తక్కువ. కనుక పోసిన దానిలోనే మరల పోసినా మందు పొర్లిపోదు, కంటికి తట్టదు. రెట్టింపు మందు పడిన తూటా తుపాకిని చేతిలోనే పగలగొట్టగలదు. దీనికి విపరీతం మరొకటి. మందు పోయడం మరచి గుండు బిగిస్తే, ప్రైమరు శక్తి ఒక్కటే గుండును గొట్టంలోకి నెట్టి మధ్యలో వదిలివేస్తుంది. శబ్దం మందంగా వస్తుంది. అది గమనింపక వెనువెంటనే మరొకటి కాలిస్తే, దారి మూసుకున్న గొట్టం పగిలిపోతుంది. ఈ రెండవది విన్నప్పుడు నాకు మన కర్మశాస్త్రం జ్ఞాపకం వచ్చింది. చేయరానిది చేయుట ఒక దోషం. చేయవలసినది విడుచుట మరొక దోషం. నిత్యకర్మ లోపించినా ప్రత్యవాయం ఉందని పెద్దలు అన్నది, శూన్యం కూడా హాని చేయగలదని తెలిసియే.

“వీటిని తప్పించుకోవడానికి ఏమి చేస్తావు నాయనా?” అని అడిగాను. అతడు చెప్పిన నియమాలను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

బల్లపై ఒక్క రకపు మందు డబ్బా మాత్రమే ఉండాలి. రెండవది అక్కడ ఉన్నచో ఒకటనుకొని మరొకటి పోసే అవకాశం ఉంటుంది. పేరు చీటీ లేని డబ్బాలోని మందును పోల్చి చూసి ఊహించరాదు. దానిని వాడనే రాదు. పని ముగిసిన వెంటనే మిగిలిన మందును దాని డబ్బాలోకే చేర్చాలి. ముద్రిత గ్రంథంలోని కొలతను ఎదుట పెట్టుకోవాలి. జ్ఞాపకం నుండి తూచరాదు. అందులో చెప్పిన ఆరంభపు కొలతతోనే మొదలుపెట్టాలి. త్రాసును కూర్చున్న ప్రతిసారీ తెలిసిన తూనికరాయితో సరిచూడాలి. ఫోను, దూరదర్శన్, సంభాషణ కూడవు. అలసిన రోజున, కోపం వచ్చిన రోజున బల్ల వద్దకు వెళ్ళరాదు. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. మందు పోసిన గుల్లలన్నింటినీ చట్రంలో నిలిపి, గుండు బిగించడానికి ముందు దీపం పట్టి ఒక్కొక్కదానిలో మందు మట్టం చూడాలి. సీసం చేతికంటుతుంది గనుక పని తరువాత చేతులు కడుగుకొననిదే ఏదీ తినరాదు. అన్నింటినీ తాళం వేసిన పెట్టెలో, పిల్లలకు అందకుండా ఉంచాలి.

“మధ్యలో ఎవరైనా పిలిస్తే?” అని అడిగాను. ఆ తల్లి తండ్రి కథ తెలిసినవాడిని గనుక నా అసలు ప్రశ్న అదే.

“చేతిలో ఉన్న గుల్లలోని మందు వెనక్కి పోసేసి, మళ్ళీ మొదటి నుంచి తూస్తాను స్వామీ. పోశానా లేదా అని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించను.”

ఈ సమాధానం విన్నప్పుడు నా అధ్యయన దినాలు కళ్ళ ముందు నిలిచినవి. కృష్ణ యజుర్వేదాన్ని మేము పనసలుగా నేర్చుకుంటాం. పనస అంటే యాభై పదాల భాగం. గురువుగారు సంథ చెప్పిన తరువాత శిష్యుడు వల్లె వేయాలి. పనస మధ్యలో దగ్గు వచ్చినా, ఎవరైనా పలకరించినా, ఆగిన చోటి నుండి అందుకోవడానికి గురువుగారు అంగీకరించేవారు కాదు. మరల పనస మొదటికి రావలసిందే. “ఆ పదం నాకు వచ్చు గదా” అంటే, “వచ్చు గనుకనే మొదటి నుండి చెప్పు” అనేవారు. అనువాకం చివర ప్రతి యాభై పదాలకొక గుర్తు, లెక్క ఉంటాయి. సంహిత నేర్చినవాడు పదపాఠం, క్రమం, జట, ఘన నేర్చేది కూడా ఇందుకే. జటలో రెండు పదాలను ముందుకు, వెనుకకు, మరల ముందుకు పలుకుతాం. ఘనలో మూడు పదాలు అలా అల్లుకొంటాయి. ఒక అక్షరం జారినా, ఒక స్వరం మారినా ఆ అల్లికలో ఎక్కడో తప్పక బయటపడుతుంది. ఈ వేదపఠన సంప్రదాయాన్ని 2003లో యునెస్కో మానవాళి వారసత్వ కళాఖండంగా ప్రకటించినది. నాకు అందులో గొప్పగా తోచేది మన పూర్వుల జ్ఞాపకశక్తి కాదు. అంతటి జ్ఞాపకశక్తి గలవారు దానిని నమ్మకపోవడం.

నమ్మినందువల్ల ఏమవుతుందో తైత్తిరీయ సంహిత ద్వితీయ కాండలోని త్వష్ట వృత్తాంతం చెబుతుంది. త్వష్ట సామాన్యుడు కాడు, దేవశిల్పి. ఇంద్రునికి వజ్రాయుధాన్ని చేసి ఇచ్చినవాడు అతడేనని ఋగ్వేదం. తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు వధించగా, కోపోద్దీపితుడై ఇంద్రుణ్ణి మినహాయించి సోమయాగం ఆరంభించాడు. ఇంద్రుడు పిలువకనే వచ్చి సోమపానం చేసి పోయాడు. మిగిలిన సోమాన్ని త్వష్ట అగ్నిలో వేస్తూ, ఇంద్రుణ్ణి చంపగలవాడు వర్ధిల్లవలెనని సంకల్పించి ‘ఇంద్రశత్రు’ శబ్దాన్ని ఉచ్చరించాడు. అంత్య స్వరంతో పలికితే ఇంద్రునికి శత్రువు అని అర్థం. ఆద్య స్వరంతో పలికితే ఇంద్రుడే శత్రువుగా గలవాడు అని అర్థం. త్వష్ట నోట రెండవది వచ్చింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతిలోనే హతుడయ్యాడు. ఆయుధనిర్మాతలలో అగ్రగణ్యుడు స్వరం తెలియక తప్పు చేశాడా? తెలిసియే తప్పాడు. కోపంలో ఉన్నాడు, తనకు తెలుసునని నమ్మాడు, పక్కన సరిచూచే ఋత్విజుడు లేడు. యజ్ఞంలో మౌనంగా కూర్చొని ఇతరుల కర్మలోపాలను కనిపెట్టడానికే బ్రహ్మ అనే ఋత్విజుని శాస్త్రం ఏర్పరచినది ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

కుమారుని నియమాలన్నీ విన్న తరువాత తల్లి ఊరట పొందలేదు. “మా నాయన గూడా ఇట్లే చెప్తాండె స్వామీ” అన్నది. ఆమె మాట న్యాయమైనది. ఆ పెద్దాయనకు నియమాలు లేక కాదు గదా చేయి పోయినది.

నేను చెప్పినది ఇది. “అమ్మా, మీ నాయన నియమాలన్నీ ఆయన తలలో ఉండేవి. తల వేరొకవైపు తిరిగిన క్షణంలో అవి కూడా దానితో తిరిగినవి. నీ కుమారునివి కాగితంపై, త్రాసుపై, బల్ల అమరికలో ఉన్నాయి. మనస్సు తప్పినా అవి అక్కడే నిలిచి ఉంటాయి. ఇనుప కడ్డీ ఆ వేపచెట్టు కిందకే రాకుండా ఉండి ఉంటే, లెక్క అడిగినవాడు వచ్చినా మీ నాయన చేతికి అది అందేది కాదు. ఇంతకు మించి అభయం ఇవ్వడం నా చేతిలో లేదు. ఏ శాస్త్రమూ ఇవ్వదు.” పిమ్మట కుమారునితో, “నాయనా, ఎన్నో ఏళ్ళు ఏమీ జరగలేదనే మాట నీ మనస్సులో మెదిలిన రోజున ఆ పని మానివేయి. మీ తాతగారికి ముప్పై ఏళ్ళు ఏమీ జరగలేదు” అన్నాను. అతడు చాలాసేపు మౌనంగా ఉండి, అమ్మకు ప్రతిసారీ చెప్పి, ఇంటివారందరూ దూరంగా ఉన్నప్పుడే కూర్చుంటానని మాట ఇచ్చాడు. తల్లి ఒప్పుకొన్నదని చెప్పలేను. విన్నది.

ఇక్కడి పాఠకులకు ఒక విజ్ఞప్తి. పై నియమాలను చదివి మన దేశంలో ఎవరూ ఈ పనికి పూనుకోరాదు. 1959 నాటి ఆయుధ చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేనిదే తూటాలు తయారుచేయుట నేరం. బాణసంచా కూర్చుటకు సైతం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద అనుమతి కావాలి. శుక్రనీతిలో అగ్నిచూర్ణ ప్రస్తావన ఉన్నదని, కనుక ఇది మన విద్యయే అని వాదించే ఉత్సాహవంతులు ఉన్నారు. ఆ భాగం అర్వాచీనమని పలువురు పండితుల అభిప్రాయం. ప్రాచీనమైనా సరే, గ్రంథంలో ఉన్నంత మాత్రాన ఇంటి వసారాలో చేయదగినది కాదు.

దేవాలయ నిర్వాహకులు దీనిని మరింతగా ఆలోచించాలి. 2016 ఏప్రిల్ 10న కేరళలోని కొల్లం జిల్లా పుట్టింగల్ దేవీ ఆలయంలో ఉత్సవపు బాణసంచా నిల్వకు నిప్పంటుకొని నూరుమందికి పైగా మరణించారు. 2024 అక్టోబర్ 31న, దీపావళి నాడు, ఏలూరులో ద్విచక్రవాహనంపై తీసుకుపోతున్న ఉల్లిపాయ బాంబులు గుంతలో పడిన కుదుపుకు పేలి ఒకరు మరణించారు, మరికొందరు గాయపడ్డారు. 2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రంలో పేలుడు సంభవించి 8 మంది కార్మికులు అసువులు బాశారు. ఒకటి దైవసన్నిధిలో, ఒకటి పండుగనాడు, ఒకటి పొట్టకూటి పనిలో. అగ్ని వేటి మధ్యనూ భేదం చూపలేదు. భక్తి మిక్కుటంగా ఉన్నచోట భగవంతుడే చూసుకుంటాడనే మాట త్వరగా వస్తుంది. చూడడానికి ఆయన మనకు కళ్ళు ఇచ్చాడు. ఆ వంతు ఆయన ఇదివరకే నిర్వర్తించాడు.

సాధకునికి ఇందులో గ్రహించదగినది ఏమిటి? అప్రమత్తత అంటే కనుబొమలు ముడివేసి నిరంతరం జాగ్రత్తగా ఉండడమని మనం అనుకుంటాం. అలా ఏ మనస్సూ ఘడియసేపు నిలువదు. మనస్సు జారుతుందని ముందే ఒప్పుకొని, జారినప్పుడు పట్టుకొనే కట్టడిని బయట ఏర్పరచుకొనుటే అప్రమత్తత. జపమాలకు మేరుపూస అందుకే. దానిని దాటరాదు గనుక వ్రేలు అక్కడ ఆగుతుంది. ఆగిన వ్రేలు మనస్సును వెనక్కి పిలుస్తుంది. సంధ్యావందనానికి కాలనియమం, హోమానికి ఆహుతుల లెక్క, వ్రతానికి సంకల్పంలో తిథివార నక్షత్రాలు, అన్నీ ఇటువంటి కట్టడులే. వీటిని ఛాందసమని త్రోసివేసేవాడు సాధారణంగా తనపై తనకు గల విశ్వాసంతోనే త్రోసివేస్తాడు. “నాకు తెలుసు” అనే ఆ విశ్వాసమే అహంకారపు అతి సూక్ష్మరూపం. అది పండితునిలో ఎక్కువగా ఉంటుంది, ముప్పై ఏళ్ళు పని చేసినవానిలో మరీ ఎక్కువగా ఉంటుంది. అందుకే ఆచార్యుడు ఏమరకుండుమని చదువు ముగిసిన రోజున చెప్పాడు.

కాబట్టి గర్భగుడిలో కర్పూరం వెలిగించే నావంటివాడైనా, వంటింటిలో గ్యాసు వెలిగించే గృహిణి అయినా, వేల మైళ్ళ దూరాన బల్ల ముందు త్రాసు పట్టిన యువకుడైనా ఒక అలవాటు చేసుకోదగును. చేశానా లేదా అనే సందేహం కలిగినప్పుడు, చేసి ఉంటానులే అని ముందుకు సాగరాదు. జ్ఞాపకాన్ని సాక్షిగా పిలువరాదు. పనస మొదటికి రావాలి. కొంత కాలం వృథా అవుతుంది. అవనివ్వండి.

లోకాస్సమస్తాః సుఖినో భవంతు.